పద్యానికి మధ్య కుర్చీ

భీమవరంలో ఐసు ఫ్యాక్టరీ గుమాస్తా సత్తిరాజు ఎవరండీ అంటే వీధి చివర వాళ్ళు కూడా చెప్పలేరు గానీ, అందింపు సత్తిరాజు అంటే మాత్రం గోదావరికి అటూ ఇటూ పద్యనాటకాల వాళ్ళెవరైనా ఇల్లు చూపిస్తారు. అందింపంటే మరేం లేదు. స్టేజీ మీద నటుడు పద్యం పాడుతూ ఉంటే, పక్క తెర చాటున నిలబడి, తరవాతి పాదం మొదటి మాట ఆయన చెవికి మాత్రమే చేరేటట్టు వదలడం. చదువుకున్నవాళ్ళు ప్రాంప్టింగ్ అంటారు. చప్పట్లన్నీ నటుడికి, ఈలలన్నీ హార్మోనియానికి, దోమలన్నీ అందించేవాడికి. అయినా ఆ పనంటే సత్తిరాజు చెవి కోసుకునేవాడు.

పగలంతా ఫ్యాక్టరీలో రొయ్యల లారీల వాళ్ళ మీద గొంతు చించుకుని అరిచే మనిషి, తెర చాటుకి వచ్చేసరికి పిల్లిలా అయిపోయేవాడు. అతని గుసగుస స్టేజీ మధ్యలో ఉన్న నటుడికి చక్కగా వినబడేది, మొదటి వరసలో కూర్చున్నవాడికి వినబడేది కాదు. అదెలా వచ్చిందయ్యా అని అడిగితే, "ఏమోనండి, ఇంట్లో మా ఆవిడ నిద్రలేవకుండా మాట్లాడీ మాట్లాడీ వచ్చుంటుంది" అనేవాడు. పాపం, ఆవిడ పోయి చాలా కాలమైనా ఆ జవాబు మాత్రం మార్చలేదు.

ఎంతమందికి అందించినా అతని గురువు ఒక్కరే, కుక్కుటేశ్వరరావు గారు. మెయిన్ రోడ్డులో అపరాల హోల్‌సేల్ కొట్టు ఆయనది. కందిపప్పు బస్తాల మధ్య బనీనుతో కూర్చుని ఉంటే ఆయన్ని రాజని ఎవరూ అనరు. కిరీటం పెట్టుకుని పద్యం ఎత్తుకుంటే షావుకారని ఎవరూ అనరు. ఊళ్ళో వెనకటి పంతులుగారొకరు రాసిన వేంగిరాజు నాటకం ఉంది. అది అచ్చు కాలేదు, వేరే ఊళ్ళో ఎవరూ ఆడలేదు. ఆ రాజు వేషం మాత్రం ముప్పై ఏళ్ళుగా కుక్కుటేశ్వరరావు గారిదే, తెర చాటు సత్తిరాజుదే. యుద్ధంలో ఓడిపోయి తిరిగొచ్చిన రాజు తన కోట గుమ్మం తనకే తెరుచుకోకపోతే బయట నిలబడి ఒక సీసపద్యం పాడతాడు. ఆ ఒక్క పద్యం వినడానికి నర్సాపురం నుంచి, తణుకు నుంచి బళ్ళు వేసుకుని వచ్చేవాళ్ళు.

సీసపద్యమంటే తెలుసుగా, ఒక్కో పాదం చాంతాడంత ఉంటుంది. పాదం అయ్యాక ఆయన రాగం అందుకుంటారు. ఆ రాగం పైకెళ్ళి, అక్కడ కాసేపు తిరిగి, కిందకి దిగుతుండగా సత్తిరాజు మాట వదలాలి. ముందు వదిలితే రాగం చెడుతుంది. ఆలస్యమైతే నటుడు నోరు తెరుచుకుని నిలబడాలి. అందుకని సత్తిరాజు కాయితమంతా చదవడు. అతని కన్ను ఎడమ అంచు వెంట కిందకి జారుతూ పాదాల మొదళ్ళని మాత్రం పట్టుకుంటుంది. పాదం ఒక వరసలో పట్టకపోతే, మిగిలిన ముక్కని లోపలికి జరిపి రాసుకునేవాడు. ఎవరో నేర్పింది కాదు, చేతికి అలా అలవాటైపోయింది.

డెబ్బై దాటాక కుక్కుటేశ్వరరావు గారికి అక్కడక్కడా మాట జారడం మొదలైంది. మరీ అంత కాదు. బస్తా ఎవరికి పంపించామో మర్చిపోయేవారు, మనవడి పేరు బదులు కొడుకు పేరు పిలిచేవారు. పద్యాల్లో మాత్రం తడబాటు లేదు. ఉన్నా బయటపడేది కాదు, ఎందుకంటే సత్తిరాజు ఉన్నాడు. ఒకసారి రిహార్సల్ అయ్యాక కొట్టు మేడ మీద నుంచి మెట్లు దిగుతూ ఆయనే అన్నారు.

"నా బుర్ర మీద నాకు నమ్మకం తగ్గుతోందయ్యా సత్తిరాజూ. నువ్వున్నావు గాబట్టి ఎక్కుతున్నాను."

"అలాగనకండి గురూగారూ. నేనుండగా మీకేంటండి."

పెద్దకొడుకు మహేంద్రకి ఈ నాటకాలంటే మొదటి నుంచీ గిట్టదు. చెడ్డవాడేం కాదు, తండ్రి నలుగురిలో నవ్వులపాలవుతారేమోనని భయం. ఆ వేసవిలో రాజమండ్రి నుంచి ఒక సాంస్కృతిక సంఘం వాళ్ళు వచ్చి, పెద్దాయనకి సన్మానం చేస్తాం, ఆ సాయంత్రం వేంగిరాజు ఆడించండి అనగానే మహేంద్ర ముఖం మాడ్చుకున్నాడు.

"ఇదొక్కటీ వెయ్యండి నాన్నగారూ, కాదనను. కానీ ఒక్కచోట ఆగిపోయినా, ఇంక ఈ కిరీటాలూ అవీ వద్దండి. కొట్టు కూడా నాకొదిలేసి హాయిగా కూర్చోండి."

"అలాగేరా" అన్నారాయన, సత్తిరాజు వైపు చూసి నవ్వుతూ. ఆ నవ్వుకి అర్థం సత్తిరాజుకి తెలుసు. ఆయన పరువంతా ఇప్పుడు తన గొంతులో ఉంది. భయం వెయ్యాల్సిన చోట అతనికి గర్వం వేసింది. పైగా సంఘం వాళ్ళు ఇంకో మాట కూడా చెప్పారు. అందించేవాళ్ళని ఎవరూ పట్టించుకోరు, ఈసారి సత్తిరాజు గారికి కూడా శాలువా కప్పుతాం అన్నారు. ఇంటికెళ్తూ దారిలో సైకిలు దిగి, కనబడినవాళ్ళందరికీ చెప్పాడు మానవుడు.

చిక్కల్లా ఆ హాలుతో వచ్చింది. కొత్త హాలు, ఏసీ, రంగుల లైట్లు. తెర చాటున బల్బు పెట్టుకోనివ్వం, వెలుతురు స్టేజీ మీద పడి మా లైటింగు పాడవుద్ది అన్నాడు అక్కడి లైట్ల మనిషి. సత్తిరాజు దగ్గరున్న కాయితాలా, మడతల దగ్గర చిరిగి అప్పడాల్లా ఉన్నాయి. చీకట్లో వాటిని చదవడం దేవుడి తరం కూడా కాదు. అప్పుడు కూతురు సుప్రియ ఉపాయం చెప్పింది.

సుప్రియకి కాలేజీ రోడ్డులో డీటీపీ సెంటరుంది. ఇంజనీరింగ్ పిల్లల ప్రాజెక్టు రిపోర్టులు కొట్టిస్తుంది, హైదరాబాదు వాళ్ళెవరికో ఈ-బుక్కులు కూడా తయారు చేసి పంపిస్తుంది. ఆ పని కోసం కొనుక్కున్న రీడరొకటి ఉంది దాని దగ్గర. ఫోను కాదు, పుస్తకాలు చదువుకోవడానికే పుట్టిన పలక లాంటి వస్తువు. తనలోనే మెత్తటి వెలుతురు ఉంటుంది, అక్షరాలు కావలసినంత పెద్దవి చేసుకోవచ్చు. నాటకమంతా టైపు చేసి అందులో పెట్టేస్తాను నాన్నా అంది. సత్తిరాజు మురిసిపోయాడు. పిల్ల పగలు పనయ్యాక కూర్చుని ఆ చిరుగుల కాయితాలన్నీ టైపు చేసింది. పేచీ అంతా చివర్లో వచ్చింది.

"పద్యాలు కూడా ఎడమ అంచుకే పెడుతున్నాను నాన్నా. పాదం పొడుగై విరిగితే, విరిగిన ముక్క కొంచెం లోపలికి జరిగేటట్టు చేస్తాను. నువ్వు అక్షరాలు ఎంత పెద్దవి చేసుకున్నా తలేదో తోకేదో తెలుస్తుంది."

"ఎడమ పక్కనా? వచనమూ అక్కడే, పద్యమూ అక్కడేనా? ఏడ్చినట్టుంటుంది. సభలో పెద్దమనిషికి మధ్య కుర్చీ వేస్తామా, గోడవార బల్ల వేస్తామా? పద్యం మధ్యలో ఉండాలి. చూడగానే మర్యాదగా ఉండాలి. సంఘం వాళ్ళు మొదటి పేజీలు తెర మీద చూపిస్తామన్నారు కూడాను."

"మధ్యలో పెడితే బాగానే ఉంటుంది, అక్షరాలు చిన్నగా ఉన్నంతసేపు. పెద్దవి చేస్తే ఒక్కో పాదం రెండు మూడు ముక్కలవుద్ది. అన్ని ముక్కలూ మధ్యలోనే నిలబడతాయి. ఏది ఎక్కడ మొదలైందో నీకెలా తెలుస్తుంది?"

"అప్పుడు ఇందులో అదేదో ఉందిగా, అలైన్‌మెంటు. లెఫ్టు నొక్కుతాను. నాకు చేతకాదనుకున్నావేంటి?"

"నొక్కినా పద్యాలు కదలవు నాన్నా. ఫైల్లో నేనేం చెప్పకుండా వదిలేసిన వాక్యాలే నీ రీడరు మాట వింటాయి. సెంటరని నేను ఫైల్లో రాసి పెట్టేశాక, నువ్వు లెఫ్టు నొక్కినా జస్టిఫై నొక్కినా పద్యాలు నా మాటే వింటాయి."

"మరీ మంచిది. అవి నీ మాట విననీ, నువ్వు నా మాట విను."

తండ్రి సంగతి సుప్రియకి తెలుసు. అడిగినట్టే పద్యాలన్నీ మధ్యలో పెట్టి ఇచ్చింది. సత్తిరాజు వరండాలో కుర్చీ వేసుకుని, కళ్ళజోడు పెట్టుకుని, పట్టపగలు చిన్న అక్షరాల్లో మొదటి నుంచి చివరిదాకా తిప్పి చూసుకున్నాడు. ఎంత బాగుందో చెప్పలేం. హార్మోనియం సాల్మన్ గారు చూసి "పెళ్ళి శుభలేఖలా ఉందయ్యా" అన్నాడు. సాల్మన్ ఆదివారం లూథరన్ గుళ్ళో కీర్తనలు వాయిస్తాడు, మిగతా రోజుల్లో ఏ ఊళ్ళో నాటకమున్నా పెట్టె భుజాన వేసుకుని వెళ్తాడు. ఆ మాటతో సత్తిరాజుకి కాళ్ళు నేల మీద ఆనలేదు. రిహార్సళ్ళకి మాత్రం అలవాటైన పాత కాయితాలే పట్టుకెళ్ళాడు. రీడరు పాడవుతుందేమోనని బట్టలో చుట్టి బీరువాలో దాచాడు, బంగారంలాగా.

రాజమండ్రిలో ఆ సాయంత్రం హాలు నిండిపోయింది. మొదటి అంకాలు నీళ్ళు తాగినంత సులువుగా నడిచిపోయాయి. స్టేజీ మీద లైట్లు ధగధగా వెలుగుతుంటే ఆ వెలుతురు కొంత తెర చాటుకి కూడా వచ్చింది, చిన్న అక్షరాలే సరిపోయాయి. పైగా ఆ పద్యాలన్నీ చిన్నవి. కోట గుమ్మం సీనుకి లైట్ల మనిషి అన్నీ తీసేసి ఒక్క నీలం లైటు వేశాడు. సత్తిరాజు ముఖం మీద రీడరు వెలుతురు పడి ముందు వరసల వాళ్ళకి కనబడుతోందని ఎవరో సైగ చేశారు. అతను వెలుతురు బాగా తగ్గించి, దాన్ని నడుం దగ్గరకి దించి పట్టుకున్నాడు. అక్కడి నుంచి చూస్తే అక్షరాలు చీమల్లా ఉన్నాయి. పెద్దవి చేశాడు. చాల్లేదు, ఇంకా పెద్దవి చేశాడు.

అప్పటికే కుక్కుటేశ్వరరావు గారు సీసం ఎత్తుకున్నారు. మొదటి పాదం, రెండో పాదం ఆయనే పాడేశారు, అందింపు కోసం ఆగలేదు. రెండో పాదం చివర రాగం అందుకున్నారు. హాలంతా నిశ్శబ్దం. సత్తిరాజు అలవాటు చొప్పున ఎడమ అంచు మీదకి చూపు వేశాడు. అంచు మీద ఏమీ లేదు. ముక్కలన్నీ రీడరు తెర మధ్యలో ఒకదాని కింద ఒకటి నిలబడి ఉన్నాయి, అన్నీ ఒకే తీరుగా, అన్నీ తలల్లాగే.

రాగం దిగుతోంది. ఇంక ఆలోచించుకునే వ్యవధి లేదు. కంటికి దొరికిన ముక్కని వదిలేశాడు.

"కన్నీరు తుడువదే..."

మూడో పాదం "ఏలిన నేలయే" అని మొదలవ్వాలి. "కన్నీరు తుడువదే" అన్నది ఆ పాదంలో సగం తరవాత వచ్చే ముక్క. కుక్కుటేశ్వరరావు గారు అర క్షణం ఆగారు. ఆ అర క్షణం సత్తిరాజు ఒక్కడికే తెలిసింది. తరవాత ఆయన, ఇచ్చినది ఇచ్చినట్టుగా, నిండు గొంతుతో "కన్నీరు తుడువదే" అని ఎత్తుకున్నారు. సగం పాదానికే మాటలు అయిపోయాయి. సాల్మన్ పెట్టె మీద వేళ్ళు తడబడి, ఎలాగో సర్దుకుని రాగంలోకి లాగాడు. ఆయనా రాగం తీశారు గానీ ఈసారి అది పైకి పోలేదు.

సత్తిరాజు అలైన్‌మెంటు తెరిచి లెఫ్టు నొక్కాడు. వచనమంతా బుద్ధిగా ఎడమ పక్కకి జరిగింది. పద్యాలు అంగుళం కూడా కదల్లేదు. ఆ సర్దుబాటులో పేజీలు మారిపోయి, సీసమున్న పేజీ ఎటు పోయిందో తెలియలేదు. ముందుకి తిప్పాడు, వెనక్కి తిప్పాడు. ద్వారపాలకుడి మాటలొచ్చాయి, రాణి పద్యమొచ్చింది. ఆ సీసం అతనికి మాత్రం నోటికి రాదా? వచ్చు. ముప్పై ఏళ్ళు విన్నాడు. కానీ ఆ క్షణంలో కళ్ళు వెతుకుతున్నాయి గాబట్టి నోట్లో ఒక్క మాట కూడా లేదు.

స్టేజీ మీద రాజు చెయ్యెత్తి నిలబడ్డాడు. ఎంతసేపో. వెనక వరసల్లో ఎవరో చప్పట్లు కొట్టారు, మెచ్చుకోలు చప్పట్లు కావవి. సాల్మన్ రాగం లాగీ లాగీ ఆపేశాడు. చివరికి ఎవరో కర్టెన్ దింపేశారు.

గ్రీన్‌రూములో కుక్కుటేశ్వరరావు గారు కుర్చీలో కూర్చుని, కొబ్బరినూనెతో ముఖం మీద రంగు తుడుచుకుంటున్నారు. చుట్టూ జనం. పెద్ద వయసండి, ఎవరికైనా సహజమేనండి అని ఓదారుస్తున్నారు. మహేంద్ర తలుపు దగ్గర చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మర్చిపోయానండి" అన్నారాయన, ఎవరినీ చూడకుండా. "మతి తప్పుతోంది. ముందే మానేసి ఉండాల్సింది."

సత్తిరాజు నోరు తెరిచాడు. కాదండీ, తప్పు మాట అందించింది నేను అని చెప్పడానికి ఎంతసేపు పడుతుంది? కానీ ముప్పై ఏళ్ళలో ఒక్క తప్పు చెయ్యని అందింపు సత్తిరాజు, శాలువా కప్పించుకోబోతున్న సత్తిరాజు, అంతమందిలో ఆ మాట ఎలా అంటాడు? కాసేపాగి చెబుదాంలే అనుకున్నాడు. ఆ కాసేపట్లో సంఘం వాళ్ళొచ్చి అతని చెయ్యి పట్టుకుని స్టేజీ మీదకి తీసుకెళ్ళిపోయారు. శాలువా కప్పారు. ఫోటో తీశారు. సిగ్గుతో చచ్చిపోవాలనిపించింది గానీ, ఫోటోలో మాత్రం నవ్వినట్టే ఉన్నాడు.

తిరిగొచ్చేటప్పుడు మహేంద్ర కారులో ముందు సీట్లో పెద్దాయన, వెనక సత్తిరాజు. కారు రావులపాలెం దాటింది. అప్పుడు కుక్కుటేశ్వరరావు గారు వెనక్కి తిరగకుండానే అడిగారు.

"నా వల్ల నీకేం చెడ్డపేరు రాలేదు గదా సత్తిరాజూ?"

"లేదండి" అన్నాడు సత్తిరాజు. ఆ "లేదండి" తరవాత అతన్ని ఎన్ని రోజులు నిద్రపోనివ్వలేదో.

ఇంటికొచ్చాక సుప్రియ అడిగింది, పద్యాలు విరిగాయా నాన్నా అని. అంతే, ఇంతెత్తున లేచాడు. "నీ ఫైలూ, నీ పలకా! వాటి వల్లే ఇదంతా!" అన్నాడు. నేను చెప్పాను గదా అని అది అనలేదు. అని ఉంటే బాగుండేది, పోట్లాడుకోవడానికైనా ఉండేది. ఆ వారంలోనే పద్యాలన్నీ ఎడమ అంచుకి తెచ్చి, విరిగిన ముక్కలు లోపలికి జరిగేటట్టు చేసి, రీడర్లో మళ్ళీ పెట్టి, తండ్రి మంచం పక్కన ఉంచి వెళ్ళిపోయింది. సత్తిరాజు దాన్ని ముట్టుకోలేదు. ఎన్ని నాటకాల వాళ్ళొచ్చి పిలిచినా నడుం నొప్పనీ, ఫ్యాక్టరీలో సీజననీ తప్పించుకున్నాడు. మెయిన్ రోడ్డులో కొట్టు మీదుగా వెళ్ళాల్సొస్తే సందుల్లోంచి తిరిగి వెళ్ళేవాడు.

రేపు చెబుతాను, వచ్చే వారం చెబుతాను అనుకుంటూనే వానలు పోయి చలి వచ్చింది. ఆలస్యమైన కొద్దీ ఆ మాట బరువెక్కింది. మొదటి రోజు చెబితే పొరపాటు. ఇప్పుడు చెబితే ఇన్నాళ్ళూ ఏం చేశావని అడుగుతారు. దానికి జవాబు లేదు.

ఒక ఆదివారం మధ్యాహ్నం సాల్మన్ గుడి నుంచి నేరుగా సత్తిరాజు ఇంటికొచ్చాడు. తెల్ల చొక్కా, చేతిలో కీర్తనల పుస్తకం. కూర్చోమన్నా కూర్చోలేదు.

"కుక్కుటేశ్వరరావు గారి దగ్గరికి వెళ్ళావా ఈమధ్య?"

"లేదు సాల్మన్. పనితో తీరిక లేక..."

"నేను వెళ్ళానులే. తాళాలన్నీ మహేంద్రకి ఇచ్చేశారు. ఫోనులో ఎవరితోనైనా బేరం మాట్లాడితే, నేను సరిగ్గా చెప్పానో లేదో నువ్వోసారి కనుక్కోరా అని కొడుకుని బతిమాలుతున్నారు. పొద్దున్నే దేవుడి దగ్గర చదువుకునే పద్యం కూడా మానేశారంట. తప్పు చదువుతానేమో, పాపం తగులుద్ది అంటున్నారని వాళ్ళావిడ కన్యకమ్మగారు కళ్ళనీళ్ళు పెట్టుకుంది. మనిషి బాగానే ఉన్నాడయ్యా, మతికేం కాలేదు. కానీ పోయిందని ఆయనే నమ్మేశాడు."

సత్తిరాజు తల వంచుకున్నాడు.

"ఆ రోజు నువ్విచ్చిన మాట నాకు వినబడింది సత్తిరాజూ" అన్నాడు సాల్మన్, మెల్లగా. "నువ్వే చెబుతావని ఊరుకున్నాను. నాదీ తప్పే. కానీ అది చెప్పాల్సింది నేను కాదు."

సాల్మన్ వెళ్ళిపోయాక సత్తిరాజు చాలాసేపు మంచం మీద అలాగే కూర్చున్నాడు. తరవాత రీడరు తీసి, నెలల తరబడి పట్టిన దుమ్ము తుడిచి, తెరిచాడు. కోట గుమ్మం సీసం పేజీకి వెళ్ళి అక్షరాలు పెద్దవి చేశాడు. ఇంకా పెద్దవి చేశాడు. పాదాలు విరిగాయి గానీ, తలలన్నీ ఎడమ అంచున ఉన్నాయి, ముక్కలన్నీ లోపలికి జరిగి ఉన్నాయి, తను కాయితం మీద రాసుకున్నట్టే. చేతికి ఇన్నేళ్ళుగా తెలిసిన సంగతి నోటికి తెలియకపోయిందే అని అతనికి ఏడుపొచ్చింది. ఏడిచాడు కూడా. తరవాత ముఖం కడుక్కుని, మర్నాడు మధ్యాహ్నం కొట్టుకి బయల్దేరాడు.

గల్లా దగ్గర మహేంద్ర ఉన్నాడు. పెద్దాయన లోపల బస్తాల వార ప్లాస్టిక్ కుర్చీలో, చేతులు ఒళ్ళో పెట్టుకుని కూర్చుని ఉన్నారు. సత్తిరాజుని చూడగానే ఆయన ముఖం వికసించింది.

"రావయ్యా రా! బొత్తిగా నల్లపూసవైపోయావు. నామీద కోపమొచ్చిందేమో అనుకున్నాను."

సత్తిరాజు కూర్చోకుండానే, ఒక్క గుక్కలో, అంతా చెప్పేశాడు. మధ్య కుర్చీ సంగతి, కూతురి మాట విననిది, అక్షరాలు పెద్దవి చేసింది, తోకని తలనుకుని అందించింది, లెఫ్టు నొక్కితే పద్యం కదలనిది. మహేంద్ర కూడా లెక్క ఆపి విన్నాడు.

కుక్కుటేశ్వరరావు గారు కుర్చీలో ముందుకి జరిగారు.

"అంటే... 'ఏలిన నేలయే' అన్నదే సరైనదా?"

"అదేనండి గురూగారూ."

"నా తలలో అదే ఉందయ్యా!" ఆయన కుర్చీలోంచి లేచిపోయారు. "ఏలిన నేలయే అనే పెదవి దాకా వచ్చింది. ఇంతలో నువ్వు ఇంకోటిచ్చావు. సత్తిరాజు తప్పివ్వడు, నా తలే తప్పిందనుకున్నాను. ఇంక అక్కడి నుంచి ఏది తలుచుకున్నా నమ్మకం లేకపోయింది. ఒరేయ్ మహేంద్రా, విన్నావా? నాకు గుర్తుందిరా!"

ఆ ముఖంలో సంతోషం చూసి సత్తిరాజుకి ప్రాణం లేచొచ్చింది. ఇంత సులువా, ఈ మాత్రం దానికా ఇన్నాళ్ళు దాక్కున్నాను అనుకున్నాడు. అప్పుడు ఆయన నవ్వుతూనే అడిగారు.

"ఇంతకీ ఇది నీకెప్పుడు తెలిసింది?"

అబద్ధం చెప్పొచ్చు. నిన్ననే మా అమ్మాయి చెబితే తెలిసిందండి అనొచ్చు. ఆ మాట నాలుక చివరి దాకా వచ్చింది కూడా. సత్తిరాజు దాన్ని మింగేశాడు.

"ఆ రోజేనండి. అక్కడ నిలబడి ఉండగానే."

కుక్కుటేశ్వరరావు గారు మళ్ళీ కూర్చున్నారు. వీధిలో ఆటోలు పోతున్నాయి. ఒక ముఠా కూలీ బస్తా మోసుకొచ్చి దించి వెళ్ళాడు.

"మంచినీళ్ళు తాగుతారా?" అన్నారు చివరికి. ముప్పై ఏళ్ళలో ఆయన సత్తిరాజుని మీరు అనడం అదే మొదలు.

"తిట్టండి గురూగారూ. చెప్పుచ్చుకు కొట్టండి. నన్ను మీరనకండి." సత్తిరాజు తనతో తెచ్చిన రీడరు తెరిచాడు. "ఒక్కసారి పాడండి. ఇక్కడే, ఆ మూడో పాదం నుంచి. ఇప్పుడు మా అమ్మాయి అంతా సరిచేసింది. నేనందిస్తాను."

ఆయన వద్దనలేదు. గొంతు సవరించుకుని, సన్నగా, తనలో తను పాడుకున్నట్టు "ఏలిన నేలయే" అని ఎత్తుకున్నారు. గొంతు కాస్త బొంగురుపోయింది గానీ పాదం పాదమంతా చెక్కు చెదరకుండా వచ్చింది. రాగం అందుకున్నారు. మహేంద్ర నోరు తెరుచుకుని చూస్తున్నాడు. రాగం పైకెళ్ళి, అక్కడ తిరిగి, దిగుతుండగా, ముందూ కాకుండా వెనకా కాకుండా, సత్తిరాజు నాలుగో పాదం మొదలు అందించాడు.

"తోడుండి నిలిచిన..."

కుక్కుటేశ్వరరావు గారు ఆగిపోయారు. కొడుకు వైపు తిరిగారు.

"ఒరేయ్ మహేంద్రా, అందులో అలాగే ఉందేమో ఓసారి చూసి చెప్పరా."

మహేంద్ర లేచి వచ్చి, సత్తిరాజు చేతిలోంచి రీడరు తీసుకుని, వేలు పెట్టి వెతుక్కుని చూశాడు.

"అలాగే ఉందండి నాన్నగారూ" అన్నాడు.

అప్పుడు ఆయన నాలుగో పాదం ఎత్తుకున్నారు.